వీరభద్రంగారు ఇవ్వని రక్తం

ఏ కాలమైనా సరే, తెల్లారేసరికి కాలవలో మూడు మునకలు వేసి, సంధ్య వార్చుకుని, తడిపంచె దండెం మీద ఆరేశాక వీరభద్రంగారు చేసే మొదటి పని ఒకటుంది. వీధి గుమ్మం పక్కన గోడకి వేలాడే చిన్న నల్లబల్లని తడిగుడ్డతో తుడిచి, ఆనాటి తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం సుద్దముక్కతో గుండ్రటి అక్షరాల్లో రాస్తారు. రాశాక రెండడుగులు వెనక్కి వేసి, ఫోనుతో ఫొటో తీసి ఊరి గ్రూపులో పెడతారు. కొబ్బరికాయ దింపడానికి బయలుదేరే చిట్టియ్య దగ్గర్నించి అమలాపురంలో చదువుకునే పిల్లల దాకా, పెదమల్లులంక వాళ్ళందరికీ ఆ ఫొటోతోనే తెల్లవారుతుంది.

ఫొటో తీయడానికి ముందు ఇంకొకటి జరుగుతుంది. అది గ్రూపులో ఎవరికీ తెలియదు. ఆయన భార్య సీతారామలక్ష్మి కాఫీగ్లాసుతో వచ్చి బల్ల వంక ఒకసారి చూస్తుంది. వర్జ్యం గంటల్లో ఎక్కడైనా పొరపాటు పడితే గ్లాసు అరుగు మీద పెట్టి, ఆ అంకె మీద వేలు ఆనిస్తుంది. పైకి ఏమీ అనదు. వీధిలో పాలు పోయించుకునేవాళ్ళుంటారు, పంతులుగారు తప్పు రాశారన్న మాట వాళ్ళ చెవిన పడడం ఆవిడకి ఇష్టం లేదు. ఆయన తుడిచి సరిగ్గా రాస్తారు. ఆవిడ వేలికంటిన సుద్ద కొంగుకి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోతుంది. ఇరవై ఏళ్ళ కాపురంలో అలా ఎన్ని తప్పులు కప్పిందో ఆయనకి తెలియదు.

వీరభద్రంగారిది పెద్ద చదువేమీ కాదు. ఊళ్ళో పదో తరగతి దాకా చదివి, ఆ తరవాత తండ్రిగారి వెనక సంచి పట్టుకుని తిరిగి పౌరోహిత్యం నేర్చుకున్నారు. మనిషి మెత్తన. దక్షిణ ఇంతని ఎవరినీ అడిగింది లేదు. బీదవాళ్ళ ఇంట్లో పెళ్ళయితే సొంత పీటలు సైకిలు మీద కట్టుకుని వెళ్ళేవారు. అలాంటి మనిషి ఒక తప్పు చేశారు, చేసి పదకొండేళ్ళు దాన్ని తప్పని అనుకోలేదు. ఈ కథ ఆ తప్పు గురించే.

మా వైపు సీమంతాల్లో ఒక ఘట్టం ఉంటుంది. కడుపుతో ఉన్న పిల్లని పీట మీద కూర్చోబెట్టి, పుణ్యాహవాచనం అయ్యాక ముత్తైదువలు ఒక్కొక్కరే వచ్చి బుగ్గలకి గంధం రాసి, గాజులు తొడిగి, ఒడిలో చలిమిడి పెడతారు. అప్పుడు వీరభద్రంగారి తండ్రిగారు ఒక మాట అనేవారు. “కడుపుచలవ గల తల్లులు ముందు రండమ్మా,” అని. పిల్లాపాపలు చల్లగా ఉన్నవాళ్ళు ముందు రావాలని దాని అర్థం. ఏ పుస్తకంలోనూ ఆ మాట లేదు. తండ్రిగారు అనేవారు కాబట్టి కొడుకూ అన్నారు. శ్రావ్యమైన గొంతు. ఆ మాట ఆయన అంటుంటే మంత్రమే అనుకునేవారు జనం.

సీతారామలక్ష్మికి నాలుగుసార్లు కడుపు నిలవలేదు. మూడుసార్లు రెండో నెలలోనో మూడో నెలలోనో పోయింది. ఒకసారి అయిదో నెల దాకా వచ్చి పోయింది. ఆ అయిదో నెలలో ఆవిడ పాత చీరలు చింపి మెత్తటి గుడ్డలు కుట్టి, పెట్టెలో దాచుకుంది. నాగప్రతిష్ఠ చేయించారు. ఆయన ఎక్కడ ఏ మొక్కు చెబితే ఆవిడ అక్కడ తడిబట్టలతో ప్రదక్షిణలు చేసింది. మొక్కులన్నీ ఆవిడవే. ఉపవాసాలూ ఆవిడవే. ఆయన సంకల్పం చెప్పేవారు.

నాలుగోది పోయాక అమలాపురంలో డాక్టరమ్మ ఒక కాగితం రాసిచ్చింది. భార్యాభర్తలిద్దరి రక్తమూ తీసి హైదరాబాదు పంపాలి, కణాల్లోపల ఏముందో చూస్తారు అని చెప్పింది. ఆ నెలలోనే ఊరి గుళ్ళో ధ్వజస్తంభ ప్రతిష్ఠ. వీరభద్రంగారు పదకొండు రోజుల దీక్షలో ఉన్నారు. దీక్షలో ఉండగా ఒంట్లోంచి రక్తం తీయించుకోకూడదన్నారు. నిజమే, కూడదు. ముందు నీది ఇచ్చిరా, నాది తరవాత చూద్దాం అన్నారు. సీతారామలక్ష్మి వాళ్ళ అన్నగారిని తోడు తీసుకుని వెళ్ళి ఇచ్చివచ్చింది. మూడు వారాలకి కాగితం వచ్చింది. అందులో ఏ లోపమూ లేదు.

దీక్ష పూర్తయింది. ధ్వజస్తంభం నిలబడింది. ఆయన వెళ్ళలేదు. మూఢం ముందు ముహూర్తాలు ఎక్కువున్నాయనో, సైకిలు పాడయిందనో అనుకుని ఉంటారు. అసలు సంగతి, తనలో లోపం ఉండొచ్చన్న ఆలోచన ఆయనకి రానేలేదు. కడుపు ఆడదాని ఒంట్లో కదా నిలవాలి. ఒక సాయంత్రం ఆవిడ తల దువ్వుకుంటూ ఉంటే, “నీకు ప్రాప్తం లేదు సీతా, వదిలేద్దాం,” అన్నారు. ఓదార్పుగానే అన్నారు. ఆవిడ దువ్వెన పక్కన పెట్టి జడ అల్లుకుంది.

మరుసటి ఏడు నాగదుర్గ ఇంట్లో కోడలికి సీమంతం. నాగదుర్గ వాళ్ళది నాలుగెకరాల కొబ్బరితోట, ఊళ్ళో మంచిచెడ్డలు చూసే ఇల్లు. సీతారామలక్ష్మి పొద్దున్నే వెళ్ళి గంధం అరగదీసింది. చలిమిడి తనే కలిపింది. పీట ముందు మొదటి వరసలో గాజుల పళ్ళెం పట్టుకుని నిలబడింది. పుణ్యాహవాచనం అయింది. వీరభద్రంగారు కళ్ళు మూసుకునే, “కడుపుచలవ గల తల్లులు ముందు రండమ్మా,” అన్నారు.

వాకిట్లో పాతికమంది ఆడవాళ్ళున్నారు. చూపులన్నీ ఒకచోటికే వెళ్ళాయి. సీతారామలక్ష్మి పళ్ళేన్ని పక్కావిడ చేతికిచ్చి, వెనక్కి వచ్చి వసారాలో స్తంభం పక్కన నిలబడింది. ఆయన కళ్ళు తెరిచేసరికి ఆవిడ అక్కడుంది. చూశారు. చూసి తరవాతి మంత్రం అందుకున్నారు.

ఆ సాయంత్రం నాగదుర్గ తాంబూలం, చలిమిడి ముద్ద, రెండు డజన్ల గాజులు పట్టుకుని వాళ్ళింటికి వచ్చింది. ఏ ప్రస్తావనా ఎత్తలేదు. మీ చేతి గంధం ఎంత చల్లగా ఉందో అమ్మగారూ అని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళింది. సీతారామలక్ష్మి ఆ తరవాత ఊళ్ళో ఏ సీమంతానికీ వెళ్ళలేదు. పిలుపు వస్తే, ఆవేళ ఒంట్లో బాగుండలేదనేది. కొన్నాళ్ళకి పిలవడం మానేశారు. వీరభద్రంగారు ఆ మాట అనడం మానలేదు.

అలా పదకొండు రోజుల దీక్ష పదకొండేళ్ళు నడిచింది.

పోయిన ఏడాది వర్షాకాలం చివర తమ్ముడు మణిశంకర్ రాజమండ్రి నుంచి ఫోను చేశాడు. అన్నదమ్ములకి తొమ్మిదేళ్ళ ఎడం. మణిశంకర్ అక్కడ ఒక స్కూల్లో లెక్కలు చెబుతాడు, భార్య పేరు శృతి. శృతికి రెండోసారీ కడుపు పోయింది. డాక్టరు ఇద్దరి రక్తమూ పరీక్ష చేయించింది. శృతిది బాగానే ఉంది, మణిశంకర్‌ది తేడా వచ్చింది. ఇది వంశంలో వచ్చేది, తోడబుట్టినవాళ్ళు కూడా చూపించుకోవాలి అన్నారుట.

“ఎప్పుడిచ్చావురా రక్తం?” అని అడిగారు వీరభద్రంగారు.

“డాక్టరు రాసిన రోజే అన్నయ్యా. ఇద్దరూ ఇవ్వండన్నారు, ఇద్దరం ఇచ్చాం. అందులో ఏముంది?”

అందులో ఏముందో ఆయనకి ఆ క్షణానే గుండెల్లో తగిలింది. ఈసారి ఆలస్యం చేయలేదు. మర్నాడే రావులపాలెం మీదుగా రాజమండ్రి బస్సెక్కి వెళ్ళి రక్తం ఇచ్చారు. చిన్న సూది. చీమ కుట్టినంత నొప్పి. పత్తి అద్ది, మోచెయ్యి మడవండి అంది ఆ అమ్మాయి. ఇంత తేలికా అనుకుని ఆయన ఆ మడిచిన చేతిని చాలాసేపు తెరవలేదు. సీతారామలక్ష్మికి తమ్ముడి ఇంటికని చెప్పి వెళ్ళారు. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

మూడు వారాల తరవాత ఫలితం చెప్పడానికి ఆసుపత్రికి పిలిచారు. గోడలకి తెల్లరంగు వేసిన చిన్న గది. అక్కడ ఊడ్చే పాపాయి అనే ఆవిడ ఆయన పిలక, పంచె చూసి, అడక్కుండానే స్టీలు గ్లాసు కడిగి కుళాయినీళ్ళు పట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. కాగితం గ్లాసులో తాగుతారో తాగరో అని ఆవిడ ఆలోచన. ఆ మంచితనం చూస్తే ఆయనకి తలెత్తుకోబుద్ధి కాలేదు. ఇవాళ ఎవరు ఏ చిన్న మేలు చేసినా భరించలేనట్టుగా ఉంది.

ఫలితం చెప్పే డాక్టరు పేరు ఉదయభాస్కర్. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఒక ఫొటో ముందు పెట్టాడు. నల్లటి చిన్న చిన్న పోగులు జతలు జతలుగా, వరసలుగా పేర్చి, కింద అంకెలు వేసి ఉన్నాయి. వీటిని క్రోమోజోములంటారు పంతులుగారూ, మనిషి ఎలా పుట్టాలో ఎలా పెరగాలో అంతా వీటిలోనే రాసి ఉంటుంది, ఇరవై మూడు జతలు, జతలో ఒకటి నాన్నది ఒకటి అమ్మది అని చెప్పాడు.

“ఇవి ఇలాగే వరసగా ఉంటాయా బాబూ, లోపల?”

“లేదండి. చూడ్డానికి వీలుగా మేం పేర్చాం,” అన్నాడు డాక్టరు. తెల్లకాగితం తీసి సున్నా చుట్టాడు. కణం మధ్యలో ఉండే గుండ్రటి గది ఇది, కేంద్రకం అంటారు, కంటికి కనపడనంత చిన్నది, ఇవన్నీ ఇందులోనే సర్దుకుని ఉంటాయి అన్నాడు.

వీరభద్రంగారికి జంధ్యాలు వడికే నూలు గుర్తుకొచ్చింది. పిల్లి లాగేస్తే చిక్కుపడి ముద్దయిపోయే నూలు. అలా ఉంటాయా అని అడిగారు.

డాక్టరు నవ్వాడు. “ఒకప్పుడు చాలామంది అలాగే అనుకునేవారండి. తరవాత ఒక్కోదానికీ ఒక్కో రంగు వేసి చూస్తే తెలిసింది. చిక్కు లేదు. దేని చోటు దానిదే.” రంగు పెన్సిళ్ళతో సున్నాలో ముక్కలు ముక్కలుగా నింపడం మొదలుపెట్టాడు. మామూలుగా పెద్దవి గోడవారకి ఉంటాయి. పని ఎక్కువ చేసేవి, చిన్నవైనా సరే, నడిమధ్యకి చేరతాయి. ఒకే క్రోమోజోములో కూడా నిద్రపోతున్న భాగం గోడకి ఆనుకుని పడుకుంటుంది, మెలకువగా ఉన్న భాగం లోపలికి తిరిగి ఉంటుంది. ఒకదాని చోటులోకి ఇంకొకటి దూరిపోదు, అంచుల దగ్గర మాత్రం కొంచెం కలుస్తాయి. రంగులన్నీ వేసేసరికి ఆ సున్నా చూడముచ్చటగా తయారైంది. భగవంతుడు కంటికి కనపడని చోట కూడా ఇంత పొందికగా ఇల్లు సర్దాడా అని వీరభద్రంగారు చేతులు జోడించారు. అది అలవాటుగా జరిగిపోయింది.

డాక్టరు రెండు రంగుల మీద పెన్సిలు ఆనించాడు. “ఇది పదకొండు, ఇది ఇరవైరెండు. పక్కపక్కన ఉండేవాటి మధ్య ఒక్కోసారి ఏమవుతుందంటే, రెండూ అంచుల దగ్గర తెగుతాయి. మళ్ళీ అతుక్కునేటప్పుడు దీని ముక్క దానికీ, దాని ముక్క దీనికీ అంటుకుంటుంది. మీకూ మీ తమ్ముడికీ అదే ఉంది. మీ పుట్టుకకి ముందే, మీ నాన్నగారికో అమ్మగారికో ఉండుంటుంది.”

వీరభద్రంగారు ఆ రెండు రంగుల మధ్య గీతని చూస్తూ ఉండిపోయారు. ఆయన లంక మనిషి. ఆ గీత ఆయనకి తెలిసిన గీతే.

“ఏటికోత,” అన్నారు.

డాక్టరుకి అర్థం కాలేదు. ఆయన చెప్పారు. గోదారికి పెద్ద వరద వచ్చినప్పుడు ఏరు ఒకడి పొలం అంచు కోసేస్తుంది. ఆ మట్టి ఎక్కడికీ పోదు, పక్కవాడి చేనుకి మేట వేస్తుంది. ఇంకోసారి అటుది ఇటు వేస్తుంది. లంక మొత్తం కొలిస్తే ఎంత భూమో అంతే ఉంటుంది. గట్లు మాత్రం మారిపోతాయి. మా నాన్నగారి అరెకరమూ అలాగే పోయి, ఎదటి చేలో తేలింది.

“సరిగ్గా అదేనండి,” అన్నాడు డాక్టరు, కుర్చీలో ముందుకి జరిగి. “అందుకే మీకు ఏ జబ్బూ లేదు. భూమి మొత్తం మీ దగ్గరే ఉంది. గట్టు మారిందంతే.”

లంకలో పుట్టినవాడికి ఆ పైన ఏం జరుగుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. గట్లు మారిన భూమిని అలాగే ఉంచినన్నాళ్ళూ గొడవ లేదు. వాటాలు వేసేటప్పుడు వస్తుంది.

“అయితే బాబూ, పిల్లలకి పంచేటప్పుడు...” అని ఆగిపోయారు.

“అవునండి. జతలో ఒక్కోటే పిల్లకి వెళ్ళాలి కదా. గట్టు మారింది ఒకటి వెళ్ళి, దాని జోడు వెళ్ళకపోతే పిల్ల దగ్గర ఒకచోట భూమి ఎక్కువ, ఒకచోట తక్కువ. అలాంటి కడుపు చాలావరకు నిలవదు.” డాక్టరు పెన్సిలు పక్కన పెట్టాడు. “అన్నిసార్లూ అలా అవదు. ఒక్కోసారి సరైన వాటానే వెళుతుంది. మీరిద్దరూ పుట్టారు కదా. మీ తమ్ముడుగారికి దారి ఉంది, కడుపులో ఉండగానే చూసుకోవచ్చు. మీకు ఎంతమంది పిల్లలు పంతులుగారూ?”

వీరభద్రంగారు స్టీలు గ్లాసు అందుకుని నీళ్ళన్నీ తాగేశారు. “నలుగురు పోయారు,” అన్నారు. పోయారు అని ఆయన అంతకు ముందెప్పుడూ అనలేదు. నిలవలేదు అనేవారు.

“అమ్మగారికి పరీక్ష చేయించారా?”

చేయించామనీ, ఏ లోపమూ లేదన్నారనీ చెప్పారు. ఎప్పుడని అడిగాడు డాక్టరు. పదకొండేళ్ళయిందని చెప్పారు. అప్పుడు మీది ఎందుకు చేయించలేదని డాక్టరు అడగలేదు. ఆ రంగుల కాగితం మడిచి ఆయన చేతికిచ్చి, గుమ్మం దాకా వచ్చి, మెట్టు ఎత్తుగా ఉంది చూసుకోండి అన్నాడు. అడిగి ఉంటే బాగుండునని వీరభద్రంగారికి అనిపించింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. పక్కనున్న కుర్రాడు, తాతగారూ గాలి ఎక్కువైతే చెప్పండి అద్దం వేస్తాను అన్నాడు. వంతెన కింద గోదావరి ఎర్రగా పారుతోంది. అప్పుడే దీక్ష విప్పిన మర్నాడు అమలాపురం వెళ్ళి ఉంటే? ఆవిడకి ముప్పై నిండలేదు. ఇంకోసారి, ఇంకోసారి ప్రయత్నించేవాళ్ళు. సరైన వాటా ఎప్పుడో ఒకసారి వచ్చి ఉండేదేమో. రాకపోయినా, స్తంభం పక్కన నిలబడాల్సింది ఆవిడ కాదని తెలిసేది. నీకు ప్రాప్తం లేదు సీతా. ఆ మాట తన గొంతుతోనే మళ్ళీ మళ్ళీ వినపడుతుంటే ఉత్తరీయం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. దుమ్ము అనుకుని ఆ కుర్రాడు అద్దం వేశాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. సీతారామలక్ష్మి వంటింటి గుమ్మంలో కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి, ఎదురుగా గచ్చు మీదే కూర్చున్నారు. కాగితం విప్పి మధ్యలో పెట్టారు. పదకొండూ, ఇరవైరెండూ, గట్టూ, వాటాలూ, తనకి అర్థమైనంత చెప్పారు.

“నీలో ఏ తప్పూ లేదు సీతా. నాలోదే.”

ఆవిడ చేట ఆపలేదు. “నాలో లేదని నాకు తెలుసండి,” అంది. “ఆ డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. నీ కాగితంలో ఏం లేదమ్మా, మీ ఆయనది రావాలి అంది. మీకు రెండుసార్లు గుర్తు చేశాను. దీక్ష అవనీ అన్నారోసారి. మూఢం వెళ్ళనీ అన్నారోసారి. మూడోసారి అడిగితే మీ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాను.”

“మరి ఆ వేళ నాగదుర్గ ఇంట్లో... ఎవరితోనైనా ఒక్క మాట అని ఉంటే...”

“ఏమనాలండీ? మా ఆయన రక్తం ఇవ్వలేదనా?”

ఆయన తల వంచేసుకున్నారు. రెండు చేతులూ ఆవిడ పాదాల వైపు చాస్తే ఆవిడ చప్పున కాళ్ళు వెనక్కి లాక్కుంది. అదేం పనండీ, నాకు పాపం చుట్టకండి అంది. కోపంగా కాదు. కాసేపు మినుముల్లో రాళ్ళు ఏరి పక్కన పెట్టింది. తరవాత ఆ రంగుల కాగితం వంక చూస్తూ మెల్లిగా అంది.

“నాకు చెప్పడం తేలికేనండి. తెలిసిన మాటే కదా. ఆ వేళ ఆ వాకిట్లో పాతికమంది ఉన్నారు. వాళ్ళకి చెప్పగలరా?”

ఆయన కాగితం మళ్ళీ మడిచారు. ఆవిడ మళ్ళీ అడగలేదు. లేచి కాఫీ పెట్టింది. బస్సులో వచ్చారు, ఎండన పడి వచ్చారు అని పంచదార ఇంకో చెంచా వేసింది.

చెప్పగలననే అనుకున్నారు వీరభద్రంగారు. రోజులు గడిచే కొద్దీ ఆ ధైర్యం జారిపోయింది. ఊళ్ళో ఎదురైనవాళ్ళు చేతులు జోడిస్తుంటే, వీళ్ళకి తెలిస్తే రేపు పెళ్ళిపీటల మీద నా చేతి అక్షింతలు వేయించుకుంటారా అనిపించేది. పౌరోహిత్యమే బతుకు. దానికి తోడు, ఈ సంగతి తెలిసి తమ్ముడు ఫోను చేసి, చెబితే నీ సంగతి చెప్పుకో అన్నయ్యా, మా పేరు రానివ్వకు, శృతి వాళ్ళింట్లో ఇంకా తెలియదు అన్నాడు. ఆ మాట ఆయనకి ఒక సాకుగా దొరికింది. దాన్ని పట్టుకుని పది రోజులు నెట్టారు.

పదకొండో రోజున పక్క లంకలో ఒక సీమంతం. గణపతి పూజ అయింది, పుణ్యాహవాచనం అయింది. ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. ఇవాళ ఆ మాట అనను అని పడవలోనే నిశ్చయించుకుని వెళ్ళారు. కానీ ముప్పై ఏళ్ళ నోరు. మంత్రం చివర ఊపిరి తీసుకోగానే అదే వచ్చేసింది. “కడుపుచలవ గల తల్లులు ముందు రండమ్మా.” వెనక వరసలో ఎర్రచీర కట్టుకున్న ఒకమ్మాయి పక్కకి తప్పుకుని, అరటిచెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడింది. పాతికేళ్ళుండవు. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

ఆ పూట వీరభద్రంగారు తాంబూలం ముట్టుకోలేదు. ఎందుకండీ అని ఇంటివాళ్ళు కంగారుపడితే, నా వల్ల దోషం జరిగింది, మీది కాదు అని మాత్రం చెప్పి పడవ ఎక్కారు. తెలియక అన్నది ఒక ఎత్తు, తెలిసీ అన్నది ఒక ఎత్తు. రేవులో దిగి ఇంటికి తిరగలేదు. తిన్నగా నాగదుర్గ ఇంటికి నడిచారు.

నాగదుర్గ కూతురు సాయిదుర్గ పురిటికని పుట్టింటికి వచ్చి ఉంది. వచ్చే గురువారం సీమంతం, ముహూర్తం ఆయనే పెట్టారు. వాకిట్లో దింపిన కొబ్బరికాయ రాశిపోసి ఉంది. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఎండుకొబ్బరికి కాయలు ఏరుతున్నారు. చిట్టియ్య ఒక వారగా కత్తి నూరుకుంటున్నాడు. పంతులుగారిని చూడగానే నాగదుర్గ చేతులు దులుపుకుని లేచింది. కుర్చీ తెప్పించింది. ఎండలో వచ్చారు, బొండం కొట్టరా చిట్టియ్యా అంది.

“బొండం వద్దమ్మా. ఒక మాట చెప్పడానికి వచ్చాను.”

“లోపలికి రండి పంతులుగారూ, ఫ్యాను కింద కూర్చుని మాట్లాడుకుందాం.”

“లోపల వద్దమ్మా. ఇక్కడే, వీళ్ళందరూ వినేలా చెప్పనివ్వండి.”

ఆయన కుర్చీలో కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు, గురువుగారి ముందు పాఠం రాని పిల్లాడిలా.

“మా ఆవిడకి నాలుగుసార్లు కడుపు పోయింది. మీ అందరికీ తెలుసు. ఆ లోపం ఆవిడది కాదమ్మా, నాది. రాజమండ్రిలో పరీక్ష చేసి చెప్పారు. నా ఒంట్లో, నేను పుట్టకముందే గట్లు మారిపోయి ఉన్నాయి. పదకొండేళ్ళ కిందటే డాక్టరమ్మ నా రక్తం ఇమ్మంది. నేను ఇవ్వలేదు. ఇవ్వకుండా, ఇదే వాకిట్లో, ఆవిడ గాజుల పళ్ళెం పట్టుకుని నిలబడితే వెనక్కి పంపాను. ఆ కడుపుచలవ మాట ఏ శాస్త్రంలోనూ లేదు. నేను అన్నదే.”

కాయలు ఏరే చేతులు ఆగిపోయాయి. ఒక ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిట్టియ్య కత్తి పక్కన పెట్టి నేల చూస్తున్నాడు. ఎవరు ఏమనుకుంటున్నారో చూసే ధైర్యం లేక వీరభద్రంగారు కొబ్బరి రాశి వంకే చూస్తూ ఉన్నారు.

“ఆయ్,” అంది నాగదుర్గ. “అమ్మగారు ఆ రోజు మా ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదండి. నాకు అది గుర్తుంది.” కుర్చీ ఆయన దగ్గరికి జరిపి, “ఇప్పుడు మా చేత ఏం చేయమంటారు పంతులుగారూ?” అంది.

“నన్ను ఊరుకోబెట్టే మాట ఏదీ చెప్పకండమ్మా. ఒక్క సాయం చేయండి. నేను రమ్మంటే ఆవిడ రాదు, అడిగే ముఖమూ నాకు లేదు. రేపు పొద్దున్న మీరు మా ఇంటికి వచ్చి, మా సీతకి బొట్టు పెట్టి, గురువారం సాయిదుర్గ ఒడిలో మొదటి చలిమిడి మీరే పెట్టాలి అమ్మగారూ అని పిలవండి. పిలిచేటప్పుడు, ఇక్కడ ఇవాళ నేను చెప్పింది విన్నామని కూడా చెప్పండి.”